వాల్వు దగ్గరి కెమెరా

ఆరేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుంది. దిగదు. దాన్ని ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. పేరు మాత్రం అడక్కండి.

మాది కళ్యాణదుర్గం వైపు ఒక ఊరు. నేను పంచాయతీ ఆఫీసులో గుమాస్తాను. అప్పట్లో పంచాయతీ వాళ్లు ఊళ్లో నాలుగైదు చోట్ల కెమెరాలు పెట్టించి, అవి చూపించే టీవీని తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఇక చూడండి. మేక తప్పిపోతే నా దగ్గరికే. బండికి గీత పడితే నా దగ్గరికే. తన గడప ముందు చెత్త పోసిందెవరో చూపించమని ఒకావిడ వారం రోజులు నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను పన్ను రసీదులు రాయాలా, ఈ తగవులు తీర్చాలా? అందరిదీ ఒకటే మాట, కెమెరా అబద్ధం చెప్పదని. కెమెరా అసలు ఏమీ చెప్పదు. చూసి చెప్పాల్సింది నేను. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

వాటిలో ఒక కెమెరా నీళ్ల ట్యాంకు కింద, వాల్వు గుంత దగ్గర ఉంది. ఎండాకాలంలో మాకు మూడు రోజులకొకసారి నీళ్లు. ఒక పూట పై వీధికి, ఒక పూట కింది వీధికి. వాల్వు తిప్పి నీళ్లు వదిలే పని మాబుది. నేను ఈ ఊరికి కోడలిగా రాకముందు నుంచీ అతనిదే ఆ పని.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఎవరో కింది వీధి వాల్వు కట్టేసి, నీళ్లన్నీ పై వీధికి మళ్లించారు. బలంగా తిప్పడంతో లోపల రాడ్డు విరిగిపోయింది. కొత్తది తెచ్చి బిగించడానికి వారం పట్టింది. ఆ వారమంతా కింది వీధి ఆడవాళ్లు ఎండలో నడిచి, ఎక్కడో చేనులో ఉన్న బోరు దగ్గర నీళ్లు పట్టుకున్నారు. రెండో రోజే ఖాళీ బిందెలు తెచ్చి ఆఫీసు ముందు పెట్టారు. మాబు పై వీధి వాళ్లకు అమ్ముడుపోయాడన్నారు. సర్పంచ్ నన్ను కెమెరా చూడమన్నాడు.

తలుపు వేసుకుని చూశాను.

కనిపించింది మా బావ. మా ఆయనకు అన్న. తలకు తువ్వాలు చుట్టుకుని, గుంత మూత పక్కన పెట్టి, పెద్ద పానాతో తిప్పుతున్నాడు. ముఖం స్పష్టంగా ఉంది. ఎందుకో కూడా వెంటనే అర్థమైంది. మా పై వీధిలోనే కట్టుకుంటున్న కొత్తింటికి అప్పుడే స్లాబు వేశాడు, దానికి నీళ్లు పట్టాలి. ఆ రోజు మా డ్రమ్ములు కూడా నిండాయి. మా వంతు కాని రోజు నీళ్లెందుకొచ్చాయని అడక్కుండా, ఆ నీళ్లతో నేను దుప్పట్లు ఉతికాను.

బయటికొచ్చి, ఆ మధ్యాహ్నం కరెంటు లేదు, రికార్డు కాలేదు అన్నాను. ముందే అనుకున్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. మా ఊళ్లో కరెంటు పోవడం వింత కాదు. ఎవరూ మళ్లీ అడగలేదు, ఒక్క మాబు తప్ప. మరునాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పొద్దు నేను ఊర్లోనే లేను. మా అమ్మను తీసుకోని కంబదూరు ఆస్పత్రికి పోయినా. చీటీ చూపిస్తే, పొద్దున పోయి మధ్యాన్నానికి రాలేవా అంటాండారు. ఇంగొక తూరి చూడమ్మా. ఏమన్నా పడిండాదేమో."

"చూసినా మాబన్నా. కరెంటు ల్యాకుండె. ఏం పడల్యా."

"ఒక్క నిమిషమన్నా?"

"ల్యాదు."

కాసేపు టీవీ వైపు చూశాడు. "పోనీలేమ్మా. కరెంటోళ్లు చేసే పనికి నువ్వేం చేస్తావు" అన్నాడు. నన్నే ఓదార్చి వెళ్లిపోయాడు. రెండు రోజుల్లో అతన్ని పనిలోంచి తీసేశారు.

ఆ రికార్డు మిషన్లో పదిహేను రోజులు ఉంటుంది, తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. నేను చెరపలేదు. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న గొప్ప ఇదే, నేను దేన్నీ చెరపలేదని, నా చేత్తో ఏ పాపమూ చేయలేదని, రేపు చెప్దాం ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఆ పదిహేను రోజులూ అదే టేబుల్ దగ్గర కూర్చుని రసీదులు రాసుకున్నానే తప్ప మరేమీ చేయలేదని. మరేమీ చేయకపోవడమే కదా చేసింది? పదహారో రోజు వెతికి చూశాను. లేదు. హాయిగా ఊపిరి పీల్చుకుని టీ తెప్పించుకున్నాను. ఆ టీ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎవరికి భయపడ్డాను? ఈ ఉద్యోగం బావ మాట మీద వచ్చిందే. అయితే? చెప్పి ఉంటే నాలుగు రోజులు అరిచేవాడు. ఇంట్లో మాటలు ఆగిపోయేవి. అంతే కదా? అంతకు మించి ఏమయ్యేదో ఎంత ఆలోచించినా తేలదు. తేలని దానికోసం ఒక మనిషి పని తీయించాను.

నేను చూసినట్టు బావకు ఇప్పటికీ తెలియదు. మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు నీళ్ల మాట వస్తే, ఆ మాబును తీసేసింది మంచి పనైందంటాడు. నేను చారు పోస్తాను.

మాబు ఇప్పుడు షేర్ ఆటోలో రోజూ కళ్యాణదుర్గం పోతాడు, మేస్త్రీల దగ్గర ఇసుక మోయడానికి. ఎదురుపడితే, బాగుండావామ్మా అంటాడు. ఒక్కసారి తిట్టినా బాగుండు. తిట్టడు. చిరాకేస్తుంది, అతని మీద కూడా. ఎంత అన్యాయమో చూడండి.

మొన్న సమావేశంలో ఇంకొన్ని కెమెరాలు పెట్టాలని తీర్మానించారు. కెమెరాల పుణ్యాన మన ఊళ్లో తప్పు చేసినవాడు తప్పించుకోలేకపోతున్నాడని సర్పంచ్ అన్నాడు. ఆ మాటను తీర్మానాల పుస్తకంలో నేనే రాశాను, నా దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా. అప్పుడనిపించింది, ఇది కూడా రాయాలని.

మాబుకు చెప్తానో లేదో తెలియదు. తెలియదనడం కూడా తప్పించుకోవడమే. మీరు నన్ను క్షమించకండి, అది మీ చేతిలో లేదు. చెప్పడం అయిపోయింది. పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఆకలేస్తోంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ బాగా వేస్తోంది.