తోకతో వినే పాము

మా బావ పోయాడన్న కబురు కంచరపాలెం నుంచి గాజువాకకి మొదటి బస్సులో వచ్చింది. తెచ్చినవాడు మా అక్క పక్కింటి దర్జీ. నేను అప్పుడే కొట్టు తలుపులు తీసి చీపురు పట్టుకున్నాను. "మీ బావ ఎల్లిపోనాడు బాబూ" అన్నాడు. "ఎక్కడికీ?" అన్నాను విసుగ్గా. ఆ మనిషి ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పకుండా వెళ్ళడం, నేను వెనకాల నడవడం ఏళ్ళ తరబడి అలవాటై నోటికొచ్చిన మాట అది. దర్జీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాక గానీ నాకు అర్థం కాలేదు.

తెల్లారకుండానే టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. గ్లాసు కడగడం ఆయన జన్మలో చేసిన పని కాదు. ఆఖరి రోజున కూడా ఓ విడ్డూరం చేసి, ఎందుకు చేశాడో చెప్పకుండా పోయాడు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. రాస్తాను. ముందు నా గోడు వినండి. పన్నెండేళ్ళు నేను ఆయనకి తోకగా ఉన్నాను. మాట వరసకి అంటున్నది కాదు. మా అక్క వాళ్ళ వీధిలో ప్రతి ఏడూ అమ్మవారి పండగకి కాళీయుడి వేషం కట్టేవాళ్ళు. మా బావ తల, నేను తోక. మధ్యలో పద్దెనిమిది అడుగుల ఆకుపచ్చ గుడ్డ, దాన్ని నిలబెట్టడానికి వెదురు చట్రాలు.

ఆ తల సంగతి చెప్పాలి. బావ హార్బర్లో ఓడలకి సరుకెత్తే కళాసీ. డెబ్బైల మొదట్లో ఇనుప రాయి ఎక్కించుకోవడానికి తూర్పు దేశపు ఓడ ఒకటి వచ్చింది. అందులో నావికులు తమ పండగకి ఆడించే డ్రాగన్ తల, కాగితపు గుజ్జుతో చేసింది, క్రేను కొక్కెం తగిలి ఒక కొమ్ము విరిగి, దవడ ఊడి పడి ఉంది. సముద్రంలో పారేస్తారట. బావ సైగలతో బేరమాడి, మా అక్క ఏడాదికని పెట్టిన ఆవకాయ జాడీ ఆ నావికులకిచ్చి, ఆ తల నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాడు. మా అక్క ఆయన్ని చూసి భయపడలేదు. జాడీ ఏదని అడిగింది. ఆ ఏడంతా ఆ ఇంట్లో వట్టి చారు.

విరిగిన దవడని బావ ఇనుప తీగతో కుట్టేశాడు. పైన కాగితాలు అంటించి ఎర్ర రంగు వేశాడు. "నోరు మూసేసేవేటి బావా?" అని అడిగితే, "తెరిస్తే విషం గదా. ఈది ఈదంతా పోద్ది" అన్నాడు. ఒక కొమ్ము పొట్టిగా ఉందేమంటే, "గరుత్మంతుడు పొడిచీసేడు" అన్నాడు. క్రేను కొక్కెం సంగతి ఆ ముందు రోజే నాకు చెప్పినవాడు ఆయనే. మా బావతో నా ప్రధానమైన ఇబ్బంది ఇది. ఏది అడిగినా ఒక కథ వచ్చేది. సమాధానం వచ్చేది కాదు.

నేను చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా కొట్లో పొట్లాలు కట్టే కాగితాల మీద చదివాను. అందుచేత లోకంలో చాలా విషయాలు నాకు సగం సగం తెలుసు. ఒకసారి తూర్పు దేశాల డ్రాగన్ల మీద ఒక వ్యాసం దొరికింది. అవి నీళ్ళలో ఉంటాయని, వానలు కురిపిస్తాయని, అక్కడివాళ్ళు వాటిని చంపరని, మొక్కుతారని ఉంది. అవి అసలు ఎక్కడ నుంచి వచ్చాయి అన్న చోట కాగితం అయిపోయింది. ఆ మిగతా సగం ఎవరింటికో శనగపప్పుతో పాటు వెళ్ళిపోయింది. నాకు నిద్ర పట్టలేదు. బావకి చెప్పుకుంటే, ఆయన ఏ కాగితమూ చూడకుండా మిగతా సగం చెప్పేశాడు.

"కృష్ణుడు కాళీయుణ్ణి తొక్కీసినాక ఏటన్నాడు? పెళ్ళాం పిల్లల్ని తీసుకుని సముద్రంలోకి పో అన్నాడు. ఏ సముద్రం బావా? ఊరికో సముద్రం ఉంటాదేటి? ఇదే! ఈ దారినే ఎల్లాడు. ఎల్లి ఎల్లి ఆ తూరుపు దేశాల్లో తేలాడు. కొత్త సుట్టమని ఆల్లు బాగా సూసుకున్నారు. తిన్నాడు, తొంగున్నాడు, కొమ్ములొచ్చేయి, మీసం పెంచేడు. ఇన్నాళ్ళకి ఓడెక్కి ఇంటికొచ్చేడు."

"ఇది పురాణంలో ఎక్కడుంది?"

"పురాణం రాసినాయన ఒడ్డునుండిపోనాడు బావా. పాము ఎనకాల ఈదలేదు గదా."

ఇంతటితో ఆగితే బాగుండేది. హార్బరు నోటి దగ్గర సముద్రంలోకి ముక్కు చాచుకుని ఉండే కొండ ఉంది కదా. దొరలకి అది డాల్ఫిన్ ముక్కులా కనపడింది. మా బావకి పాము తలలా కనపడింది. కాళీయుడితో బయల్దేరిన ఆడపాముల్లో ఒకామె నీరసపడి ఇక్కడ ఒడ్డు మీద తల ఆనించిందట. ఆయన తిరిగొస్తాడని చూసి చూసి రాయైపోయిందట. "అందుకే తూరుపు ఓడ ఏదొచ్చినా అక్కడికి రాగానే ఓ కూత కూత్తాది. వదినగారికి దండం పెట్టడం అన్నమాట" అనేవాడు. ప్రతి ఓడా అక్కడ కూత వేస్తుంది బావా, ఇనుము కోసం వచ్చేదీ, ఎరువు తెచ్చేదీ, ఖాళీగా వచ్చేదీ వేస్తుంది అన్నాను. "అందరూ మర్యాదస్తులే" అన్నాడు.

పండగకి పద్మనాభం ఊరి నుంచి తప్పెటగుళ్ళ జట్టు వచ్చేది. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, వాయిస్తూ గెంతుతూ కృష్ణుడి కథ పాడతారు. ఆ జట్టు గురువు నిష్ఠ గల మనిషి. మొదటి ఏడు మా తలని చూసి చెప్పులు విడిచినవాడు మళ్ళీ తొడుక్కున్నాడు.

"ఇది కాళీయుడా? పడగలేవి? ఈ మీసాలేటి, ఈ కొమ్ములేటి? పామా, పొట్టేలా?"

"నువ్వు ఊరొగ్గీసి అన్నేళ్ళు పరాయి దేశంలో ఉండు గురువా, నీకూ మొలుత్తాయి" అన్నాడు బావ తల లోపలి నుంచి.

గురువు నవ్వు ఆపుకోలేక తప్పెట మీద ఒక దెబ్బ వేశాడు. దాంతో ఒప్పందం కుదిరిపోయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి మా వీధి పిల్లలు కాళీయుడికి మీసాలు పెట్టి బొమ్మలు గీయడం, బడి పంతులమ్మ మా అక్క ఇంటికొచ్చి మొత్తుకోవడం కూడా జరిగింది. కృష్ణుడు మాత్రం మా దర్జీయే. బొజ్జ ఉన్న కృష్ణుడు. ఆయన మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక నా అసలు బాధ. నాకు తల కావాలి. ఒక్క ఏడు. ఒక్కటంటే ఒక్క ఏడు. తోక పట్టుకున్నవాణ్ణి ఎవరూ చూడరన్నది బావ సిద్ధాంతం, అందుకే నా తల, భుజాలు గుడ్డ బయటే ఉండేవి. వేపాకులూ పసుపు నీళ్ళూ హారతులూ అన్నీ ఆయనకి. నాకు గుడ్డ చివరి చట్రం, దాని నుంచి లోపలగా ఆయన నడుం దాకా కట్టిన ఒక తాడు, ముందు నడిచినవాళ్ళు లేపిన దుమ్ము. "వచ్చే ఏడు నువ్వే బావా" అనేవాడు. వచ్చే ఏడు రాగానే ఒక కొత్త శాస్త్రం పుట్టేది. ఆ తల పెట్టుకోవాలంటే నలభై రోజులు చేప ముట్టకూడదట. సరే అన్నాను. విశాఖలో పుట్టినవాడు నలభై రోజులు చేప మానడం అంటే ఏమిటో మీకు తెలుసు. ముప్పై తొమ్మిది రోజులు ఉన్నాను. నలభయ్యో రోజున మా ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి వాసన పట్టాడు.

"నెత్తళ్ళు ఏపేరేటి?"

"పిల్లలకి. నేను ముట్టలేదు."

"గాలి పీల్చేవు గదా" అన్నాడు. అయిపోయింది.

వేషంలో ఆయనకి ఇంకో పాడలవాటు. ఊరేగింపు మధ్యలో, జనం దండాలు పెడుతుంటే, లోపలి నుంచి "బావా, ఉన్నావా?" అని అరిచేవాడు. పది అడుగులకోసారి. జడుసుకోవలసిన జనం పకపకా నవ్వేవాళ్ళు. "ఎక్కడికెల్తాను, తోకని!" అని నేను అరిస్తే, తర్వాత ఇంట్లో కోప్పడేవాడు. "తోక మాటాడకూడదు. ఓసారి తాడు లాగు, సాలు. పాముకి సెవులుండవు బావా. అది తోకతోనే ఇంటాది." ఇలాంటి వెర్రి మాట ఏ పొట్లాం కాగితంలోనూ నేను చదవలేదు. సరే, లాగేవాణ్ణి. విసుగొస్తే మూడుసార్లు లాగేవాణ్ణి. మలుపు వస్తే కాలవలో పడకుండా ముందే ఓ పక్కకి జరిగేవాణ్ణి. అయినా ఆ తల తిన్నగా నడిచేది కాదు. ఇటు ఊగేది, అటు ఊగేది. తాగాడేమో అనుకునేవాణ్ణి. ఆయన బీడీ తప్ప ఏదీ ముట్టడు.

నెత్తళ్ళ ఏడు జరిగింది కూడా రాయాలి. రాయకపోతే ఇది బావ గురించి రాసినట్టు కాదు.

ఆ ఏడు ఊరేగింపు రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. చట్రం నేల మీద వదిలేసి పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. మలుపు దగ్గర తప్పెటగుళ్ళు ఎడమకి తిరిగాయి. కాళీయుడు తిరగలేదు. "బావా, ఉన్నావా?" అన్నాడు. నేను టీ చెప్పాను. "బావా, ఉన్నావా?" అన్నాడు మళ్ళీ, ఈసారి గొంతు వేరుగా. జనం నవ్వారు. మూడోసారి అనేలోగా కాలవలో పడ్డాడు.

తల నీళ్ళలో తడవకుండా రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. అందుకే కాలు విరిగింది. లేపడానికి నేనే ముందు పరిగెత్తాను. "అంత కాలవ కనపడలేదా?" అని కసిరాను కూడా.

"కాళీయుడు నీళ్ళు కనపడితే ఆగుతాడేటి?" అన్నాడు పళ్ళు బిగించుకుని. చుట్టూ మూగిన వాళ్ళతో, "తాడు తెగిపోనాది. బావ తప్పు లేదు" అన్నాడు. తాడు తెగలేదు. నేను చూశాను, ఆయనా చూశాడు. కాలు కాస్త వంకరగానే అతుక్కుంది.

నేను ఇక పండగకి వెళ్ళలేనేమో అనుకున్నాను. మరుసటి ఏడు బావే కుంటుకుంటూ బస్సు దిగి నా కొట్టుకి వచ్చాడు. చేతిలో ఆ చట్రం. పట్టుకునే చోట పాత పంచె ముక్క మెత్తగా చుట్టి, దారంతో కుట్టి ఉంది. "నీ సేతులు బొబ్బలెక్కుతన్నాయని మీ అక్క సెప్పింది" అన్నాడు. తాడు గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన "ఉన్నావా" అంటే నేను ఒక్కసారే లాగాను, మూడుసార్లు లాగలేదు. తల ఇమ్మని అడగడం మాత్రం నేను మానలేదు. ఆయన ఇవ్వడమూ మొదలుపెట్టలేదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక, భోజనాల విస్తళ్ళు తీసేశాక, దర్జీ నా పక్కన చేరాడు. "పండగ దగ్గర పడతంది బాబూ. ఈ ఏడు తల ఎవులు?" మా అక్క వింది. లోపలికి వెళ్ళి, అటక మీద నుంచి ఆ తలని దించమంది. గుడ్డ, చట్రాలు, తాడు అన్నీ దించాం.

"పట్టుకుపోరా తమ్ముడూ. నీకే గదా కావాలి" అంది.

"నలభై రోజులు చేప..." అన్నాను.

"ఓలమ్మ, ఆయన పొద్దుటే సేప తిని ఎల్లేవోడు!" అంది అక్క.

అప్పుడు వచ్చిన కోపానికి నేను ఆ తల అక్కడే పెరట్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో నెత్తిన పెట్టుకున్నాను. తాడు నడుముకి బిగించుకున్నాను.

లోపల చీకటి. బీడీ వాసన, మైదా జిగురు వాసన. కంటి బెజ్జాల కోసం వెతికాను. ఆ పెద్ద గుండ్రటి కళ్ళు పైన వేసిన రంగే, లోపల వట్టి అట్ట. తూర్పు దేశంవాళ్ళు నోట్లోంచి చూస్తారు కాబోలు. ఆ నోటిని బావ తీగతో కుట్టేశాడు. తీగ ముళ్ళు నా చేతికి తగిలాయి. తల కిందికి వంచితే నా కాలి వేళ్ళు కనపడ్డాయి. ఇంకేమీ లేదు.

"ఇందులోంచి ఏమీ కనపడదే అక్కా!" అని అరిచాను.

"ఎప్పుడు కనపడింది?" అంది అక్క గొంతు ఎక్కడి నుంచో. "బెజ్జాలెట్టించుకో అంటే దాని కళ్ళు పొడిసీమంటావా అన్నాడు. తమ్ముడికైనా సెప్పు అన్నాను. సెప్తే ఆడు బయపడి బిగుసుకుపోతాడు, మావులుగా నడవడు, వొద్దన్నాడు."

పన్నెండేళ్ళు ఆ తల ఊగిన ఊగుడంతా నాది. నేను విసుక్కుని లాగిన వైపుకల్లా ఆయన నడిచాడు. టీ కొట్టు బల్ల గుర్తొచ్చింది. రెండోసారి మారిన ఆ గొంతు గుర్తొచ్చింది.

ఒక అడుగు వేశాను. కాలికి బకెట్టు తగిలి దొర్లింది. ఎటు గోడో, ఎటు నుయ్యో తెలియలేదు. నిలబడిపోయాను. నేను అనుకోకుండానే నా నోట్లోంచి వచ్చింది.

"బావా, ఉన్నావా?"

  వెనకాల నేల మీద వెదురు చట్రం ఎవరో ఎత్తిన చప్పుడైంది, ఓలమ్మ అన్న అక్క గొంతు వినపడింది. నడుం దగ్గర తాడు మెల్లగా బిగిసింది. ఒక్కసారే. నుయ్యి లేని వైపుకి.