పోపుకు పెళ్ళిచూపులు

మా ఇంటి పరువు శనివారం పొద్దున ఆరుంబావుకు పోవడం మొదలై, తొమ్మిదింటికల్లా పూర్తిగా పోయింది. టైము నేను తప్పు చెప్పను. కావాలంటే మా ఆయన్ని అడగండి. ఆ పూట జారిపోయే లుంగీ పట్టుకుని మా కుంట ఊరి బజారంతా పరిగెత్తింది ఆయనే.

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. చిన్నతనం. తెలివి ఇంకా రాలేదు.

పోపు అంటే మా కుక్క. బదిలీ అయిన పెద్దమనిషెవరో క్వార్టరు గేటుకు కట్టేసి వెళ్ళిపోయిన డాల్మేషన్. తెల్లటి ఒళ్ళంతా నల్ల చుక్కలు, పెరుగు పచ్చడిలో ఆవాలు తేలినట్టు. విప్పి ఇంటికి తెచ్చుకుని ఆ పేరు పెట్టాను. నాలుగేళ్ళ కుక్క కదా, నిమ్మళంగా ఉంటుందనుకున్నాను. అయ్యో! దాని కడుపులో లారీ ఇంజను పెట్టి కుట్టేశారు. మాకు ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక చింతపండు ఆరబోసిన పెరడు. ఆ జాగా దానికి ఒక్క గంతుకు చాలదు.

రెండిళ్ళకు ఇచ్చి చూశాను. బాగా ఉరుకుతుందని ఇద్దరికీ ముందే చెప్పాను. మొదటివాళ్ళు మర్నాడు, రెండోవాళ్ళు అదే రోజు భోజనాల వేళకు వాపసు తెచ్చారు. దాంతో మా ఆయన తేల్చేశారు.

"ఈసారి వాపసొస్తే ఇటుకబట్టీకి పంపుడే. కాపలాకు కుక్క కావాల్నంట."

"గొలుసు విప్పుతారా?"

"కాపలా కుక్కకు గొలుసెవరు విప్పుతరే?"

బట్టీకి మాత్రం దాన్ని పంపేది లేదనుకున్నాను.

అప్పుడే ఆడపిల్లల హాస్టల్లో ఉండే సమ్మక్క టీచరు ఫోను చేసింది. "కుక్కను చూడ వస్తా పెద్దమ్మా" అంది. నలభై ఏళ్ళుగా కొట్లో కూర్చుని, గుమ్మం ముందు నిలబడ్డ ప్రతి మనిషినీ "ఏం కావాలి?" అని అడిగినదాన్ని, ఆ పిల్లను మాత్రం అడగలేదు. నిజం చెబితే కుక్క వాపసొస్తోంది, కాబట్టి దాచెయ్యాలి. అదీ నా ఎత్తు.

శనివారం ఆరుంబావుకు దానికి తలంటి, పెద్ద గిన్నెడు పెరుగన్నం కలిపాను. మా ఇంట్లో పెరుగన్నం తిన్నాక మగవాళ్ళెవరూ లేచి నిలబడ్డ చరిత్ర లేదు. పోపు గిన్నె నాకి, మంచం కింద గోనెసంచిలా పడిపోయింది. మా ఆయన వంగి చూశారు.

"ఏమే, బతికే ఉందా?"

"ఉష్! చూపులకు వచ్చే వేళ."

ఎనిమిదిన్నరకు సమ్మక్క వచ్చింది.

"లేవదా పెద్దమ్మా?"

"బంగారంలాంటి గుణం తల్లీ. ఇంట్లో ఉన్నట్టే తెలియదు."

"మొరగదా?"

"ఛ! దానికంత నోరెక్కడిది?"

"నడుస్తదా?"

"మరీ అవసరమైతేనే."

ఏ పెళ్ళికూతురి తల్లయినా ఇంత నిబ్బరంగా అబద్ధమాడగలదా, మీరే చెప్పండి. నేను మురిసిపోతుంటే సమ్మక్క మొహం వాడిపోయింది.

"అయితే నాకు పనికిరాదు పెద్దమ్మా. మా పిల్లలకు పరుగు నేర్పుతున్న. ముందట ఉరికే కుక్క ఉంటే వాళ్ళు కూడా జోరుగా ఉరుకుతరని తిరుగుతున్న. ఇదేంది, తాతలెక్క పండింది?"

నేను గబుక్కున మాట మార్చాను. "ఉరుకుతుంది తల్లీ! గాలిలా ఉరుకుతుంది!"

"ఇప్పుడే నడవదంటివి!"

"అది అబద్ధం."

"మరి ఇది?"

మా ఆయన మంచం కిందకు దూరి బతిమాలారు. "పోపూ, లెయ్యి నాయనా, కొద్దిగ ఉరుకు!" పోపు ఒక కన్ను తెరిచి, ఆయన మొహం మీదే ఆవలించి, మళ్ళీ మూసుకుంది.

సమ్మక్క బయటికెళ్ళి స్కూటీ స్టార్టు చేసింది. బండి కదిలిన చప్పుడు వినగానే పోపు చెవులు నిలబడ్డాయి. తనను వదిలి వెళ్ళే బండి చప్పుడు దానికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? మంచం మా ఆయనతో సహా తిరగబడింది. చింతపండు ఆకాశానికి లేచింది. పెరటి దడి ఒక పక్క పడిపోయింది. తెల్లగా ఏదో బజారు వైపు దూసుకుపోయింది, వెనకే లుంగీతో ఆయన, ఆ వెనక చీపురుతో నేను.

శబరి నది ఒడ్డు దాకా స్కూటీ పక్కనే ఉరికి, తిరుగు దారిలో స్కూటీనే దాటేసి వచ్చింది. సమ్మక్క నవ్వాపుకోలేక బండి ఆపింది.

"ఇంత గుణముంటే దాచిపెడతరేంది పెద్దమ్మా!"

ఆ పూటే దాన్ని హాస్టలుకు తీసుకుపోయింది. ఇప్పుడు రోజూ తెల్లవారితే హాస్టల్ పిల్లల ముందు ఉరికేది మా పోపే. పోటీలో గెలిచిన పిల్లలు కప్పుతో దిగిన ఫొటోలో నడుమ కూర్చున్నదీ అదే. ఆ ఫొటో మా కొట్లో గల్లాపెట్టె పైన ఉంది. ఉప్పు కోసం వచ్చినవాళ్ళు కూడా దాని ఘనత విన్నాకే కదలాలి.

కాబట్టి, నేలపాలైన చింతపండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎదుటివాళ్ళకు ఏం కావాలో అడగకుండా ఇక దేన్నీ పొగడను. పెరుగన్నం మనుషులకే పెడతాను.

ఆ పూట పోయినవి: చింతపండు, ఒక గంప. దడి, ఒక పక్క. లుంగీ, ఒకటి. నా మాట మీద ఊరి నమ్మకం, కొంత. కుక్క, ఒకటి.