సిగ్నల్ బండ మీద నా ఇంగ్లీషు

ప్రేమలో పడ్డవాడు ముందు ఫోన్ సౌండ్ తగ్గించుకోవాలి. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. మొన్న నాకేమైందో విన్నాక మీకైనా పనికొస్తుంది.

మా వీధి చివరింటి సుగుణ సోమవారం నర్సింగ్ చదవడానికి వైజాగ్ వెళ్లిపోతోందని తెలిసింది. ఈలోగా నా మనసులో మాట చెప్పకపోతే ఇక అంతే! తెలుగులో అయితే అందరూ చెప్పేదే కదా, అందుకని ఇంగ్లీషులో పంపుదామనుకున్నాను. టెన్త్ ఎలాగో గట్టెక్కినవాడికి ఎంత ధైర్యమో చూడండి! అరకు రోడ్డు మీద మా షాపులో బొంగుల్లో చికెన్ కూరుతూ కూరుతూ ఒక వాక్యం అల్లాను. 'ఐ విల్ ఆల్వేస్ వెయిట్ ఫర్ యూ హియర్.' నీకోసం ఎప్పుడూ ఇక్కడే ఎదురుచూస్తానని. నాకే కళ్లు చెమర్చాయి.

కానీ తప్పుంటే? ఆ పిల్ల నవ్వితే? ఫోన్‌లోని ఏఐనే అడుగుదామనుకున్నాను. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది కొండ మీది బండ దగ్గరే. సాయంత్రమైతే ఊరంతా అక్కడే. ఓ మూలకి పోయి వాక్యం టైపు చేసి, ఇది కరెక్టేనా, చదివితే అర్థమవుతుందా అని అడిగాను.

షాపులో పాటలు పెట్టే ఫోను కదా, ఫుల్ సౌండ్! అందులోంచి ఓ ఆడగొంతు నా ప్రేమంతా బండ దద్దరిల్లేలా చదివి, "ఒక్క తప్పూ లేదు. చాలా స్పష్టంగా ఉంది" అంది.

అందరూ నావైపు తిరిగారు.

"ఏటిరా గుంటడా, ఎవులికిరా ఆ ఇంగిలీసు?" అన్నాడు మా షాపు ఓనరు అప్పారావు బాబాయి.

సుగుణ కూడా తిరిగి చూసింది. "నీకే" అంటే అయిపోయేది. రెండే అక్షరాలు, అదీ తెలుగే! నా నోరు మాత్రం, "బోర్డుకి బాబాయ్... మన షాపు బోర్డుకి. టూరిస్టుల కోసం" అనేసింది.

"ఓరి నీ! బేగి రాయించీరా!"

"బాగుందన్నా" అంది సుగుణ.

అన్నా!

సోమవారానికి బోర్డు ఎక్కేసింది. ఎర్ర రంగు అక్షరాలు, పక్కన కోడి బొమ్మ. సుగుణని దిగబెట్టడానికి వాళ్ల మేనబావ బైకేసుకొచ్చాడు. కాబోయే మొగుడట. నాకప్పుడే తెలిసింది. సుగుణ సరిగ్గా మా షాపు ముందే బైకు ఆపించింది.

"బావా, సూడు ఎంత బాగా రాసారో! దీనికింద ఒక సెల్ఫీ తీసుకుందాం."

ఇద్దరూ బోర్డు కింద నిలబడ్డారు. నేనూ అక్కడే ఉన్నాను, చేతిలో మసాలా గిన్నెతో.

"అన్నా, కొంచెం పక్కకి జరుగు. ఫొటోలో అడ్డొత్తన్నావు."

జరిగాను. మరీ దూరం కాదు లెండి. ఎప్పుడూ ఇక్కడే అని రాయించేశాను కదా, కోడి బొమ్మతో సహా!