టవాలు కింద అంబాసిడర్

2003లో నేను అనంతపురం బస్టాండు దగ్గర ఒక ఆటో కన్సల్టెన్సీలో పనిచేసేవాణ్ణి. పేరు అలా ఉంటుంది గానీ, ఒక రేకుల షెడ్డు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఎండలో కొన్ని పాత కార్లు, అంతే. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కూర్చుని ఇద్దరి చేతా తిట్లు తినడం నా ఉద్యోగం.

పాత కారుకు ధర కట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. మీటర్‌ను నమ్మకూడదు, దాన్ని వెనక్కి తిప్పేవాళ్లున్నారు. క్లచ్ పెడల్ మీది రబ్బరు చూడాలి, అది అబద్ధం చెప్పదు. బాడీని వేలితో తట్టాలి. రేకు ఖంగుమంటుంది, సొట్టలు పూడ్చిన పుట్టీ మొద్దుగా పలుకుతుంది. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నిందా, పిస్టన్ రింగులు అరిగినట్టే. ఆ ఖర్చులన్నీ మార్కెట్ రేటులోంచి తీసేస్తే మిగిలేదే ధర. అక్కడితో పని అయిపోతుందని అనుకునేవాణ్ణి.

ఆ వేసవిలో ఆదినారాయణ శెట్టి తన డీజిల్ అంబాసిడర్ తెచ్చాడు. ఆయనది వేరుశనగ వ్యాపారం. వానలు ఎగ్గొట్టి వ్యాపారం పడుకుంది. కారు అమ్మితే గానీ విత్తనం కాయలు కొనలేడు. తక్కువకు అమ్ముకున్నాడని తెలిస్తే మాత్రం, ఆయన దగ్గర డబ్బు దాచుకున్న వాళ్లంతా మరునాడే కొట్టు ముందు వాలతారు. ఇదంతా నా చెవిలో చెప్పి, బయటికెళ్లి టీ బంకు దగ్గర అందరికీ వినబడేట్టు, “లక్షా నలభైకి పైసా తగ్గేది లేదు” అన్నాడు. తన మెడకు తనే ముడి వేసుకుని, విప్పే పని నాకిచ్చాడన్నమాట.

కొనడానికి చిలమత్తూరు నుంచి మారెన్న వచ్చాడు. గొర్రెల వ్యాపారి. లేపాక్షికి వచ్చే యాత్రికులకు బాడుగకు తిప్పాలని ఆయన ఆలోచన. బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు.

“ఏమప్పా, ఇది నీళ్లు బాగా తాగుతాదా?”

“రేడియేటర్ గట్టిదే మారెన్నా.”

“ఐతే మేలు. మా పక్క మనుషులకే లేవు.”

రింగులు, పుట్టీ, నీరసపడ్డ బ్యాటరీ, అన్నిటికీ తీసేసి లక్షా పదిహేను అని విడివిడిగా ఇద్దరికీ చెప్పాను. శెట్టి గొంతు తగ్గించి, “న్యాయమే. అందరి ముందర యా నోటితో ఒప్పుకునేదప్పా?” అన్నాడు.

బేరం మొదలయ్యేసరికి టీ బంకు జనమంతా షెడ్డులోకి వచ్చేశారు. మారెన్న లక్ష అన్నాడో లేదో, వాళ్లలోంచి పక్క పంక్చర్ షాపాయన అందుకున్నాడు.

“ఏం శెట్టీ, పైసా తగ్గనంటివే, ఇప్పుడేమంటావు?”

శెట్టి లేచాడు. “నాది ఒగటే మాట. అమ్మేదే లేదు పో!”

విసురుగా వెళ్లి కారెక్కి తలుపు దబ్బున వేశాడు. కోపంగా వెళ్లిపోవాలంటే బ్యాటరీ బాగుండాలి. సెల్ఫ్ రెండుసార్లు మూలిగి ఊరుకుంది. నేను దానికి డబ్బు తీసేసింది ఊరికే కాదు.

మారెన్న నింపాదిగా కిటికీ దగ్గరికి వెళ్లి, భుజం మీది టవాలు తీశాడు.

“చెయ్యి ఇట్లియ్యి శెట్టీ.”

గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా టవాలు కప్పుకుని, వేళ్లు నొక్కి తెలుపుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు చూసి సంతోషించాల్సిందే.

శెట్టి కిటికీలోంచి టవాలు కిందికి చెయ్యి చాపాడు. “ఇదైతే కుదర్దు.”

“ఇది?”

“ఇంగో ఏలు పట్టుకో.”

“ఏలు కాదు, నా ప్రాణం పట్టుకుంటాండావు శెట్టీ!”

కాసేపటికి మారెన్న టవాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పంక్చర్ షాపాయన ఆగలేకపోయాడు.

“ఎంతకు తెగిందన్నా?”

“నా ఏళ్లు నొప్పి పుట్టేంతకు.”

శెట్టి కారు దిగి పంచె సర్దుకుని, అందరికీ టీ చెప్పాడు. ధర నాకూ చెప్పలేదు. కమీషన్ కింద ఇద్దరూ చెరికొంత ఇచ్చింది జేబులో వేసుకున్నాను. ఇద్దరి మొహాలూ సమానంగా మాడి ఉన్నాయి గనక నా లెక్కకు దగ్గర్లోనే తెగి ఉంటుంది. ఆ వారంలోనే శెట్టి కొట్టుకు విత్తనం మూటలు దిగాయి. డబ్బు దాచుకున్న వాళ్లెవరూ రాలేదు, విత్తనానికి రైతులు మాత్రం వచ్చారు.

న్యాయమైన ధర కట్టడం నాకు వచ్చు. పైకెక్కి కూర్చున్న మనిషి అక్కడిదాకా దిగి రావడానికి చాటు కూడా చూపించాలని ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి షెడ్డులో స్పానర్ల పక్కన ఒక టవాలు వేలాడదీశాను. దాంతో ఎవరైనా చేతులు తుడుచుకుంటే మాత్రం ఊరుకోను.