ఆఖరి గడిలోని మాటలు

2018లో నన్ను పలాసలోని ఒక ఆరోగ్య సర్వే కార్యాలయానికి అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా వేశారు. ఉద్దానం పల్లెల్లో కిడ్నీ రోగుల వివరాలను సర్వేవాళ్లు ట్యాబ్‌లలో ఎక్కించుకొచ్చేవారు. పేరు, ఊరు ఇంగ్లీషులో. ఆఖరి గడిలో రోగి చెప్పిన మాటలు తెలుగులో. వాటన్నిటినీ ఒకే ఫైలుగా కూర్చే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాయడం నా బాధ్యత.

దాన్ని నా లినక్స్ లాప్‌టాప్‌లో రాశాను. అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా దాచుకునే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. లినక్స్ అడగకుండానే యూటీఎఫ్-8 వాడుతుంది, అందులో తెలుగు ఉంటుంది. ఆఫీసులోని విండోస్ కంప్యూటర్ మాత్రం, మనం చెప్పకపోతే, తెలుగు ఎరగని పాత పద్ధతిలో రాసేది. నేను చెప్పలేదు. ఎర్రర్ వచ్చింది. పైఅధికారికి సాయంత్రంలోగా పట్టిక కావాలి. రాయలేని అక్షరానికి బదులు ప్రశ్నార్థకం పెట్టమని ఒక్క మాట చేర్చి ఎర్రర్ నోరు మూయించాను. పైగా ట్యాబ్‌ల నుంచి తెచ్చిన అసలు ఫైలు మీదే రాయించాను, దాంతో అందులోని తెలుగు చెరిగిపోయింది. తొందరపాటును తెలివి అనుకునే వయసు కూడా కాదు అప్పటికి నాది. పట్టికకు అంకెలే కావాలి గనక ఎవరూ గమనించలేదు. ట్యాబ్‌లు ఖాళీ చేసి వెనక్కి పంపేశారు.

కొన్ని నెలలకు కంచిలి వైపు నుంచి దాలమ్మ అనే ఆవిడ వచ్చింది. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. సర్వేవాళ్లు ఇంటికొచ్చిన రోజు ఆవిడ జీడిపిక్కల పనికి వెళ్లింది.

"మా ఆయన మీవోళ్లకి ఏటి సెప్పాడో ఓపాలి సదివి పెట్టండి బాబూ," అంది.

ఆయన పేరు వెతికి ఆఖరి గడి తెరిచాను. మూడు పంక్తుల పొడవునా ప్రశ్నార్థకాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సర్వే చేసిన అమ్మాయికి ఫోన్ చేశాను. అన్ని ఇళ్లలో అది ఏ ఇల్లో గుర్తులేదంది. తప్పు నాదేనని దాలమ్మకు చెప్పాను. ఒక్కో గుర్తు ఒక్కో అక్షరమో గుణింతమో అని, మధ్యలో ఖాళీలు మాటకీ మాటకీ మధ్యవని చూపించాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. తెర మీద చివరి దాకా వేలు పోనిచ్చింది.

"ఇన్ని మాటలే? నాతోటి ఎప్పుడూ ఆడనేదు బాబూ."

ఆ గుర్తులనే ప్రింటు తీయించుకుని పట్టుకెళ్లింది.

ఆ మూడు పంక్తులు చదవాలని నాకిప్పటికీ ఉంది. ప్రశ్నార్థకం నుంచి అక్షరం వెనక్కి రాదు. ఫైలు తెరిచేటప్పుడూ రాసేటప్పుడూ ఎన్‌కోడింగ్ చెప్పాలి, అసలు ఫైలు ముట్టకూడదు అన్నవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. నేను నేర్చుకున్నది వేరు. మార్చబోయే ముందు చదవాలి. చెరిగిపోక ముందు ఆ మాటలు మూడు రోజులు నా దగ్గరే ఉన్నాయి. ఒక్కసారి చదివి ఉంటే ఆవిడకు నోటితోనైనా చెప్పేవాణ్ని.