పలకకుండా తేవలసిన ఆకు

1948. మిలట్రీ వచ్చి మా ఊరి దొర ఉండే కోటలాంటి గడీలో దిగిన తర్వాత, వానలు వెనకబడే రోజులు. దీపం పెట్టే వేళ. ఇంట్లో ఉన్నవారు: అవ్వ, బాపు, అమ్మ, చిట్యాల నుంచి చూడవచ్చి తిరిగి పోలేక చిక్కుకున్న మేనత్త, మంచం మీద నేను. నాకు ఎనిమిదో ఏడు.

సరైన తారీఖు వేయలేకపోవడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది చాలా ఏళ్ల తర్వాత. అందుకే అమ్మను, అత్తను వేరువేరుగా అడిగి, ఇద్దరూ ఒప్పుకున్న సంగతులకు నాకు గుర్తున్నవి కలిపి రాస్తున్నాను.

మాది రామన్నపేటకు, మోత్కూర్‌కు నడుమ ఒక పల్లె. ఏ నొప్పి వచ్చినా ముందు అవ్వ దగ్గరికే పోవాలి. కడుపునొప్పికి వాము నమిలించి వేడినీళ్లు తాగించేది. పడిశానికి వావిలాకు కాగబెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించేది. కురుపు లేస్తే వేపాకు, పసుపు నూరి పెట్టేది. వీటికి నియమాలేమీ లేవు. కామెర్లకు మాత్రం ఉంది. నేల ఉసిరి మొక్కను ఎండ సోకక ముందే వేరుతో పీకి తేవాలి. పోయేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఎవరితోనూ మాట్లాడకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. నూరి, మేకపాలలో కలిపి, పరగడుపున రోగి చేత తాగించేదాకా నోరు విప్పకూడదు. అట్లా మూడు పొద్దులు.

నా కళ్లు పచ్చబడ్డాయి. తిన్నదంతా కక్కుతున్నాను. నా ముందు పుట్టిన అన్న ఇదే జబ్బుతో పోయాడు. నల్లగొండ దవాఖానకు తీసుకుపోదామంటే బండి కట్టేవాడు లేడు.

చీకటి విడవక ముందు ఎవరూ ఇల్లు దాటొద్దని ఊళ్లో డప్పు కొట్టించారు. వాగుకు పోయే దారి గడీ ముందు నుంచే. కావలి సిపాయి అడిగితే బదులు చెప్పాలి, చెప్పనివాళ్లను కాలుస్తారని అందరి భయం.

"వాడు కౌన్ అంటడు, నువ్వు నోరు మూసుకుంటవు. వాడు తుపాకి పేలుస్తడు. గింతే గద?" అన్నాడు బాపు.

"ఆకు తెచ్చినంక పేల్చమను," అంది అవ్వ.

అత్త నవ్వింది. "మా అమ్మ వాగుదాక మాట్లాడకుంట పోతదా? సిపాయి ఎందుకు, గదే ఆమెను సంపుతది."

"నీ మొగడు నీ గురించి గిట్లనే మొత్తుకునెటోడు. నన్నెందుకంటవ్?" అంది అవ్వ.

"నేను పోత అత్తమ్మా," అంది అమ్మ.

"వద్దు బిడ్డా. ముసల్దాన్ని చూస్తె సిపాయి జర ఆగుతడు. నిన్ను చూస్తె ఆగడు."

తను పోతానన్నాడు బాపు. మగవాడు కనిపిస్తే చాలు, కమ్యూనిస్టుల సంగంలో తిరిగేవాడని పట్టుకుపోతున్నారని అవ్వ ఒప్పుకోలేదు. చివరికి బాపే కొట్టంలోకి పోయి బర్రె మెడలో గంట విప్పుకొచ్చాడు. "ఇది నడుముకు కట్టుకో. పశువనుకుంటరు."

తెల్లవారుజామున ఆ గంట మోగుతూ మా వాకిలి దాటింది. కొంతసేపటికి వినపడలేదు. అమ్మ నా పక్కనే కూర్చుని చెవులు రిక్కించింది. తిరిగి వచ్చేటప్పుడు గంట చప్పుడు తొందరతొందరగా వచ్చింది.

అవ్వ కాళ్లు మోకాళ్లదాకా బురద. ఏమైందని బాపు అడిగితే తల అడ్డంగా ఊపింది. రాతి మీద ఆకు నూరింది. పాలలో కలిపి నాకిచ్చి, నేను చివరి గుక్క మింగేదాకా నా గొంతునే చూసింది. అప్పుడు మాట్లాడింది.

"వాగు గడ్డన తుమ్మచెట్టు కింద ఎవడో పడి ఉన్నడు. 'అవ్వా, జర నీళ్లియ్యి' అని పిలిసిండు. రెండుసార్లు పిలిసిండు. నేను పలకలె."

"ఎవడు? సంగపోడా?"

"ఏమో కొడుకా. నేను మొఖం దిక్కు చూడలె. నెత్తురు చూసిన."

"మాట్లాడకుండనే దోసిట్ల నీళ్లు తెచ్చి పోయకపోతివా?" అంది అత్త.

"దగ్గరికి పోతె, ఏ ఊరు బిడ్డా అని అడగకుంట ఉంటనా నేను?"

అవ్వ ముంత నిండా నీళ్లు ముంచుకుని, గంట విప్పకుండానే పరుగెత్తింది. వెళ్లేసరికి అక్కడ మనిషి లేడు. గడ్డి ఒరిగి ఉందట. తనే పాకుతూ పోయాడో, ఎవరన్నా ఈడ్చుకుపోయారో చెప్పలేకపోయింది. వాగు నీళ్లు అతనికి పది బారల దూరంలోనే ఉన్నాయని మాత్రం చాలాసార్లు చెప్పింది.

పత్యం ఉండి, పడుకుని ఉంటే చాలావరకు కామెర్లు వాటంతట అవే తగ్గుతాయని పెద్దయ్యాక ఒక డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ పగలంతా అవ్వ అన్నం ముట్టలేదు. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే "ఆఁ, వస్తున్న" అంటూ లేచింది. ఎవరూ పిలవనప్పుడు కూడా రెండు మూడుసార్లు అట్లాగే లేచి, వాకిట్లోకి పోయి నిలబడింది. పొద్దుగూకినాక అమ్మ భయంభయంగా అడిగింది: "రేపు ఆకు?"

"పోత," అంది అవ్వ.

మరునాడు పొద్దున గంట కట్టుకోలేదు. ముంతలో నీళ్లు పట్టుకుంది. గడప దిగుతూనే గొంతెత్తింది. "ఎవరన్న ఉన్నరా బిడ్డా? నీళ్లు తెస్తున్న!" బాపు ఆపబోయాడు గానీ ఆమె అప్పటికే వీధిలో ఉంది. గడీ దిక్కు నుంచి సిపాయి అరుపు మా ఇంటిదాకా వినపడింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనే కొడుకా, ముసల్దాన్ని. ఆకుకు పోతున్న," అంది అవ్వ గొంతు.

తుపాకి పేలలేదు. పిలుపు వాగు వైపు సాగుతూ సన్నబడింది. ఆగి ఆగి వినపడింది. తర్వాత వినపడలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి గోడ మీద ఎండ పడింది. కొంగులో వేర్లతో సహా నేల ఉసిరి ఉంది. ముంతలో నీళ్లు తీసుకుపోయినవి తీసుకుపోయినట్టే ఉన్నాయి.

"నోరు విప్పినంక గిది ఇంక పనిచేస్తదా అమ్మా?" అన్నాడు బాపు.

అమ్మ పాలచెంబు అందించినా అవ్వ తీసుకోలేదు. ముంత వంచి, ఆ నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఆకు నూరి, గిన్నెలోకి ఎత్తి నా నోటికి పట్టింది. నేను అమ్మ ముఖం చూశాను.

"తాగు," అంది అమ్మ.

తాగాను.