ఎండలో ఆరబెట్టిన అక్క గోళ్లు

కుదిరిన సంబంధాన్ని గోళ్ల దగ్గర చెడగొట్టవచ్చని ఏ పుస్తకంలోనూ రాయలేదు. రాసి ఉంటే నేను చదివే ఉండేదాన్ని. ఎందుకంటే ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయినా, దేని గురించి అడిగినా చెప్పగలననే నమ్మకం ఉండేది. ఎవరూ అడిగేవారు కాదు. అయినా చెప్పేదాన్ని.

అప్పుడే మా మమతక్కకు నిశ్చితార్థం కుదిరింది. అబ్బాయిది యాచారం. అక్కకు ఒకటే కోరిక. ఉంగరం తొడిగేటప్పుడు ఫోటోగ్రాఫర్ వేళ్లను దగ్గరగా తీస్తాడు కదా, ఆ వేళ్లకు లేత గులాబీ రంగు జెల్ గోళ్లు ఉండాలి. బస్టాండు దగ్గర పార్లర్ నడిపే షబానా అక్కకు ముందే చెప్పి పెట్టుకుంది.

"పార్లర్ ఎందుకక్కా?" అన్నాను. "జెల్ అంటే ఏంది? వెలుతురు తగిలితే గట్టిపడే జిగురు. పండ్ల డాక్టర్ పుచ్చిన పన్నుకు పెట్టేది గసుంటిదే. నేను చదివిన."

"చదివినవ్ సరే. ఎప్పుడన్న చేసినవా?"

"చదివినంక చేసుడెంతసేపు?"

ఈ మాటను మా ఇంట్లో ఇప్పటికీ నా మీదికి విసురుతుంటారు. పప్పు మాడినా సరే, "చదివినంక చేసుడెంతసేపు" అంటారు.

ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించాను. బుల్లి సీసాలు, ఒక ఆకురాయి, సబ్బుపెట్టె అంత దీపం. రావడం లేదని షబానా అక్కకు ఫోన్ చేసింది కూడా నేనే.

"ఇంట్లనే చేస్కుంటరా? మంచిదే," అందామె. "గని జర చూస్కో. పైపూత మంచిగ ఆరకపోతే బంకబంక ఉంటది. ఏది పడితే అది అంటుకుంటది."

"నాకు తెలుసక్కా," అన్నాను. నిజానికి అప్పటిదాకా తెలియదు. ఆమె చెప్పాక తెలిసింది కాబట్టి అబద్ధమాడినట్టు కాదు.

నిశ్చితార్థం మా ఇంట్లోనే. ఆ పొద్దున అడుగు పూత బాగా కుదిరింది. రంగు ఇంకా బాగా కుదిరింది. అక్క కూడా, "పర్వాలేదే నువ్వు!" అంది. పైపూత వేసి చేతులు దీపం కింద పెట్టగానే, అది రెండుసార్లు కన్నుకొట్టి కన్నుమూసింది. తట్టాను, కుదిపాను, టీవీ రిమోటును కొట్టినట్టు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

"ఇప్పుడెట్లనే?" అంది అక్క.

"ఫికర్ చేయకు. ఈ దీపంల ఉండేది అతినీలలోహిత కిరణాలు. సూర్యునిల గవి ఉట్టిగనే వస్తయి. పా, బంగ్లా మీదికి!"

ఇక్కడ ఒక మనవి. నేను చెప్పినదాంట్లో శాస్త్రపరంగా తప్పులేదు. కాకపోతే ఆ శాస్త్రం రాసినవాళ్లకు మా అమ్మ తెలియదు.

గిర్నిలో పట్టించుకొచ్చిన ఏడాది కారం వేడి చల్లారాలని మా అమ్మ దాన్ని డాబా మీద, మెట్లగది నీడలో, పాత చీర మీద పరిచి పోయింది. దానికి కాస్త దూరంలో అక్క పది వేళ్లూ చాపి, దొంగలకు దొరికిపోయినదానిలా కూర్చుంది. నేను మెట్ల మీద కూర్చుని పుస్తకం తీశాను. అంతలో ఒక సుడిగాలి లేచింది. చీర అంచు లేచింది. కారం కూడా లేచింది.

"కండ్లు మండుతున్నయే!"

"చేతులు పెట్టకు! కండ్లల్ల చేతులు పెట్టకు!" అని తుమ్ముల మధ్య అరిచాను. ఆ రోజు నేనిచ్చిన సలహాల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

గాలి తగ్గాక చూస్తే గులాబీ రంగు గోళ్లు లేవు. వాటి స్థానంలో పది ఇటుకముక్కలున్నాయి. సబ్బుతో రుద్దాం, నూనె రాశాం. పైపై కారం పోయింది గానీ బంకలో దిగింది దిగినట్టే ఉంది.

షబానా అక్కకు ఫోన్ చేశాను. "గోకకున్రి, గోరు పొర లేస్తది. తోల్కరా, నేను తీస్త," అంది. అప్పటికే మగపెళ్లివారి కార్లు వాకిట్లో ఆగాయి.

"నీ చదువు పాడుగాను," అంది అమ్మ పళ్లు బిగపట్టి. "పిల్ల గోర్లకు కారమున్నదని తెలిస్తే యాచారం దాక పేరు పోతది. నోరు మూసుకొని ఉండున్రి ఇద్దరు."

ఉంగరం తొడిగారు. కాబోయే అత్తగారు అక్క వేళ్లు పట్టుకుని చూసింది. "ఇదేం డిజైనే? మఖ్మల్ లెక్క ఉన్నది! ఏ పార్లర్ల ఏయించినవ్?"

"ఇంట్లనే అత్తమ్మా. మా చెల్లె ఏసింది," అంది అక్క. గర్వంతో నేనొక జానెడు పెరిగాను. కథ ఇక్కడ ఆగినా బాగుండేది.

ఫోటోగ్రాఫర్ ఆపలేదు. "స్వీటు తినిపించుకోవాలె ఇప్పుడు!"

"లావణ్యా, చెంచా తే," అంది అక్క గబగబా.

"చెంచా ఏంది బిడ్డా? ఆయనేమన్న పేషెంటా? చేత్తోనే పెట్టు," అంది అత్తగారు.

అక్క గులాబ్ జామూన్ పట్టుకుంది. పాకం గోళ్లమీదుగా కారింది. బావ నోరు తెరిచాడు. "అట్లనే ఉండున్రి, చెయ్యి తీయకున్రి, ఇంకొక్కటి!" అన్నాడు ఫోటోగ్రాఫర్. ఆ ఇంకొక్కటి పూర్తయ్యేసరికి బావ కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి.

"సూడున్రి, పిలగాడు ఏడుస్తున్నడు! ఎంత మంచి మనసు!" అంది ఎవరో పెద్దమ్మ. ఆమె కళ్లు కూడా తడిశాయి. మా అమ్మ కళ్లు మూసుకుంది.

బావ మంచినీళ్లు తాగి, అక్క చెవిలో మెల్లగా అడిగాడు. "స్వీటుల కారం కలిపిపెట్టుడు మీ ఇండ్లల్ల రివాజా?"

"అవ్," అంది అక్క.

"అట్లనా," అని, మర్యాద తప్పకూడదని రెండో ముక్కకు కూడా నోరు తెరిచాడు. సంబంధం నిలబడింది.

మర్నాడు షబానా అక్క మూతికి చున్నీ కట్టుకుని ఆ గోళ్లను అరగదీసింది. పార్లర్‌లో ఉన్న ఆడవాళ్లందరూ తుమ్మారు. పెళ్లికి ఆమే గోళ్లు వేసింది, లేత గులాబీ రంగు. నన్ను ఆ గది గుమ్మం కూడా తొక్కనివ్వలేదు.

పెళ్లిలో మళ్లీ స్వీటు తినిపించమన్నారు. బావ ముందు అక్క చేయి పట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వాసన చూశాడు. ఆల్బమ్ అట్ట మీద ఆ ఫోటోనే వేశారు. చేతికి ముద్దు పెడుతున్నాడని అందరూ మురిసిపోతారు.

కాబట్టి గ్రంథాలయంలోని బీరువాలన్నిటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఒకరి నోటికి స్వీటు అందించవలసిన ఏ చేతి గోళ్లనూ నేను ముట్టను. సూర్యుణ్ణి వడియాలకు తప్ప వాడను.